రాజుగారి సమాధిలో నా వాల్వు

వరద కాలం, మొదలు

ఇది గాలిగది పుస్తకం. రోజూ గాలి ఒత్తిడి ఎలా ఉందో రాసి కింద సంతకం పెట్టాలి, అంతే దీని పని. కానీ నా మాట వినే నాథుడు ఈ సొరంగపట్నంలో ఒక్కడూ లేడు కాబట్టి ఇకమీద మిగతా గోడు కూడా ఇందులోనే రాస్తాను. ఎవరూ చదవరు. గాలి వస్తున్నన్నాళ్లు గాలిగది పుస్తకంతో ఎవరికి పని?

ఒత్తిడి: బాగుంది.

ఇవాళ నైలు నదికి వరద వచ్చింది. అంటే, ఈ ఏటి పెద్ద పూజారి గవరయ్య మావ గుండు గీయించుకుని, తెల్ల దుప్పటి చుట్టుకుని నడివీధిలో నిలబడి చెయ్యెత్తాడు. నలుగురు మనుషులు నాలుగు బకెట్ల నీళ్లు వీధిలో కుమ్మరించారు. జనం చప్పట్లు కొట్టి ఎవరి గదులకు వాళ్లు పోయారు. చంద్రుడి కడుపులో తవ్వుకున్న ఊరు మాది. ఇక్కడ నదీ లేదు, కాలువా లేదు, కనీసం ఒక వాన చినుకు ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. అయినా వరద మాత్రం రావాలి. వచ్చిన వరదను గుడ్డ పెట్టి తుడిచింది నేను. వీధి కింద గాలి గొట్టాలున్నాయి, వాటిలోకి నీళ్లు దిగితే అడిగేది నూకరత్నాన్నే కదా.

ఇదంతా మొదటి ఒప్పందం పుణ్యం. మా ముత్తాతలు ఇక్కడికి వచ్చి దిగీ దిగగానే కొట్లాడుకున్నారట. రాజు ఉండాలని కొందరు, సభ ఉండాలని కొందరు, ఎవరూ ఉండకూడదని ఇంకొందరు. ఎవరో మహానుభావుడు మధ్యలో లేచి, "మనుషులు భూమి మీద నడిపిన రాజ్యాలన్నీ మనమూ ఒక్కో ఏడాది నడిపి చూద్దాం. అన్నీ అయ్యాక ఏది బాగుంటే దానికి ఓటేద్దాం" అన్నాడట. అందరూ సరే అన్నారు. ఆ ఓటు ఇంతవరకు రాలేదు. ఒక నాగరికత అయ్యేసరికి పుస్తకాల్లోంచి ఇంకొకటి తల బయటపెడుతుంది.

పైగా ఒక మెలిక. ఏ యుగంలో ఉంటే ఆ యుగం పద్ధతి తు.చ. తప్పకుండా పాటించాలి. ఎవరైనా తప్పితే ఆ యుగం చెల్లదు, మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. స్పార్టా యుగం అలాగే రెండుసార్లు చేశాం. ఒంటికి సుఖం కూడదన్న ఆ యుగంలో ఎవరో చాటుగా పరుపు మీద పడుకున్నారట. ఆ రెండో ఏడాది తాగిన నల్ల చారు రుచి నా నోట్లోంచి ఇంకా పోలేదు.

ఈ ఏడు ఈజిప్టు. రాజు చీటీ మా తమ్ముడు అప్పలకొండకు వచ్చింది.

వరద కాలం, మధ్యలో

ఒత్తిడి: బాగుంది. ఊరందరితో పాటు గీయించుకున్న గుండు దురదగా ఉంది.

తమ్ముడి గురించి రాయాలి. వాడు తూర్పు సొరంగంలో ఊరందరి బట్టలూ ఉతుకుతాడు. మెత్తటి మనిషి, గొంతు ఇంకా మెత్తన. నలుగురిలో నిలబడి మాట్లాడితే పక్కవాడు కూడా "ఎవరో ఏదో అన్నారే" అని చుట్టూ చూస్తాడు, వాడిని తప్ప.

పోయినేడు సముద్రయానాల యుగం. అప్పుడు గవరయ్య మావ ఓడ కెప్టెను. ఏ యుగం వచ్చినా ఆయనకు పెద్ద కుర్చీయే వస్తుంది, అదేం చీటీయో నాకు అర్థం కాదు. సామాన్ల బండికి తెరచాప కట్టి, మందీ మార్బలంతో తూర్పు సొరంగం వెంట బయల్దేరి, మా తమ్ముడి బట్టలుతికే గదిని కనిపెట్టాడు. జెండా పాతి 'కొత్త గవర దేశం' అని పేరు పెట్టాడు. "నానిక్కడ పదేళ్లబట్టీ ఉన్నాను మావా, నీ పంచెలు ఉతుకుతున్నది నానే" అని తమ్ముడు ఎంత చెప్పినా వినలేదు. స్థానికుడు అని రాసుకుని, చేతిలో నాలుగు పూసలూ ఒక అద్దం ముక్కా పెట్టి, సబ్బులన్నీ పట్టుకుపోయారు. ఊరంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. ఇంటికొచ్చి మాత్రం ఆ రోజు అన్నం తినలేదు.

అందుకే చీటీ వాడికి వచ్చినప్పుడు మా అమ్మ సన్యాసమ్మ ఆనందం చూడాలి. వాడికి ఈజిప్టు రాజుల పెట్టుడు గెడ్డం కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి ఆజ్ఞ ఇవ్వమన్నారు. వాడు చాలాసేపు ఆలోచించి, "ఉతకడానికేసే బట్టల జేబులు కాళీ చేసి ఎయ్యండి" అన్నాడు. పదేళ్లుగా చెబుతున్న మాటే. ఈసారి ఊరు ఊరంతా విన్నది. గవరయ్య మావ దాన్ని బొమ్మల లిపిలో గోడ మీద చెక్కించాడు. ఆ మర్నాటి నుంచి నిజంగానే జేబులు ఖాళీగా వచ్చాయట.

ఆ మాట చెబుతూ వాడి మొహం వెలిగిపోయింది. నాకూ సంతోషమేసింది, రాయకేం.

నాట్ల కాలం, ఆఖర్న

ఒత్తిడి: బాగుంది. నా ఒత్తిడి బాగాలేదు.

ఇవాళ స్నానాల గదికి వెళ్తే కుళాయి లేదు. ఆడవాళ్ల వైపూ లేదు, మగవాళ్ల వైపూ లేదు. గొట్టం నోట్లో కట్టెముక్క దిగ్గొట్టి ఉంది. విచారిస్తే తేలిందేమిటంటే, కోత కాలం వస్తోంది, రాజుగారు చచ్చిపోవాలి, సమాధిలోకి ఆయన వెంట బంగారం పోవాలి. మాకు బంగారం లేదు. కాబట్టి పసుపుపచ్చగా మెరిసేది ఏదైనా బంగారమే అని సభలో తీర్మానించారు. ఇత్తడి కుళాయిలు పోయాయి, వంటశాల గరిటెలు పోయాయి, బడిగంట పోయింది. అంతవరకు ఊరుకున్నాను. గాలిగదికి వచ్చి చూస్తే నా అలమర తలుపు బార్లా తెరిచి ఉంది. నూనె గుడ్డలో చుట్టి దాచిన వాల్వు లేదు.

గాలి యంత్రానికి వాల్వు గుండెకాయ లాంటిది. ఒకటి యంత్రంలో ఉంటుంది, ఒకటి అలమరలో ఉండాలి. కంచుది. మెరవడం దాని తప్పు.

పరుగెత్తుకుని గవరయ్య మావ దగ్గరికి పోయాను.

"ఏటి మావా ఇది? అది గాలిగది సామాను."

"వాడుతున్నావా?"

"ఇప్పుడు వాడట్లేదు. ఉన్నది పాడైతే వాడాలి."

"పాడైందా?"

"ఇంకా అవలేదు."

"వాడనిదీ, దాచుకున్నదీ అయితే అది నిధి కదమ్మా," అన్నాడు ఎంతో నెమ్మదిగా. "నిధి రాజుగారిది. రాజుగారు నీ తమ్ముడేనాయె. కొద్దిరోజుల్లో తలుపు తీసేస్తాం, తీసేసుకో."

కొద్దిరోజులట. ఈయనతో వాదించే కంటే గోడకు తల కొట్టుకోవడం మేలు, గోడైనా తిరిగి మాట్లాడదు.

కోత కాలం, మొదలు

ఇవాళ మా తమ్ముడు చచ్చిపోయాడు.

చావు బాగా జరిగింది. పాత దుప్పట్లు చింపి వాడికి ఒళ్లంతా కట్లు కట్టారు. చక్కిలిగిలి పెడుతోందని వాడు ఒకటే నవ్వు. వంటశాల తక్కెడలో ఒకవైపు మట్టి గుండెకాయ, ఒకవైపు కోడి ఈక పెట్టి తూచారు. వాడు పుణ్యాత్ముడని తేలింది. పడమటి చివర ఖాళీగా పడి ఉన్న ధాన్యం కొట్టును సమాధి చేశారు. లోపల మంచం, దీపం, నీళ్ల పీపా, రొట్టెలు, చదువుకోవడానికి పుస్తకాలు. పరలోకంలో పనిచెయ్యడానికి బడిపిల్లలు చేసిన మట్టి బొమ్మలు. ఒక మూల కుప్పగా ఊరి కుళాయిలన్నీ, వాటి మీద నా వాల్వు.

కోత కాలం అయ్యేదాకా వాడు శవం. వాడితో ఎవరూ మాట్లాడకూడదు, వాడు పిలిస్తే పలకకూడదు. బయటివాళ్లతో మాట్లాడడానికి లోపలున్న మాటల పెట్టెను కూడా పీకేశారు. చచ్చినవాడికి మాటలెందుకన్నారు. కాలం అయ్యాక పునర్జన్మ, ఊరంతా విందు, గోడ మీద రాజుల వరసలో వాడి పేరు.

తలుపు మూసేముందు కట్ల మధ్య నుంచి గుసగుసగా అడిగాడు.

"అక్కా, ఈ కొట్టులోకి గాలి బాగానే వస్తాది కదా?"

"నాను లేనేటి? సూసుకుంటాను. పో, పోయి సావు," అన్నాను.

వాడు నవ్వాడు. తలుపుకు అడ్డగడియ వేసి, మట్టి మెత్తి, ముద్ర కొట్టారు. అమ్మను ఏడ్చేవాళ్లకు పెద్దగా పెట్టారు. శోకాలు పెట్టడంలో మా అమ్మను మించినవాళ్లు ఈ చంద్రుడి మీద లేరు. "నా రాజా, నా కొండా" అని ఎత్తుకుంటే గవరయ్య మావ కళ్లు కూడా చెమ్మగిల్లాయి. రోజూ పొద్దున్నా సాయంత్రం అక్కడ కూర్చుని ఏడవడం ఇప్పుడు ఆవిడ ఉద్యోగం.

కోత కాలం, కొన్నాళ్లకు

ఒత్తిడి: ఫర్వాలేదు. ఫర్వాలేదు అనే మాట ఈ పుస్తకంలో రాయడం నాకు ఇదే మొదటిసారి.

యంత్రం ఈల వేస్తోంది. వాల్వు లోపలి బిళ్ల అరిగింది, పూర్తిగా తెరుచుకోవడం లేదు. విప్పి, తుడిచి, చెప్పు అడుగు రబ్బరు కోసి కింద అతికించాను. ఒక పూట నోరు మూసుకుంది, మళ్లీ మొదలు. ఊరు మధ్యలో గాలికి లోటు లేదు. గొట్టం చివరకు పోయేకొద్దీ తగ్గుతోంది. గొట్టానికి ఆ చివర ఉన్నది పడమటి కొట్టు. ఆ గది ఒత్తిడి చూపే ముల్లు మెల్లగా కిందికి దిగుతోంది.

గవరయ్య మావకు చెప్పాను. "యంత్రం కూడా రాజుగారి కోసం పాడుతోందమ్మా," అన్నాడు.

కోత కాలం, ఇంకొన్నాళ్లకు

ఒత్తిడి: మధ్యలో ఉంది, చివర్లో లేదు.

సమాధిలోంచి చప్పుడు వస్తోంది. ఠంగ్, ఠంగ్, ఠంగ్ అని గొట్టం మీద కొడుతున్నాడు. గాలి గొట్టం కాబట్టి నాకు గాలిగదిలోకి కూడా వినబడుతుంది. ఊరంతా సమాధి దగ్గర చేరి దండాలు పెట్టారు. రాజుగారి ఆత్మ సంతోషంగా ఉంటే అలా శబ్దం చేస్తుందని గవరయ్య మావ చెప్పాడు. ఏ పుస్తకంలో ఉందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇంకో నాలుగు రొట్టెలు, ఒక కూజా బార్లీ సారా తెచ్చి తలుపు ముందు పెట్టారు. లోపల మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే బయట రొట్టెలు పెట్టేవాళ్ల గురించి నేను ఎక్కడా వినలేదు, ఇన్ని నాగరికతలు చూశాను కూడా.

సభలో నిలబడి అరిచాను. "లోపలున్నది మనిషి! గాలి తగ్గిపోతోంది. తలుపు తియ్యండి, వాల్వు నాకివ్వండి, కావలిస్తే వాడిని మళ్లీ సంపుకోండి!"

 నాకు తెలుసు వాళ్ల భయమేమిటో. తలుపు తీస్తే ఏడాది చెల్లదు. మళ్లీ బోడిగుండ్లు, మళ్లీ బార్లీ రొట్టె, మళ్లీ కారం లేని కూర. ఈజిప్టువాళ్లకు మిరపకాయ తెలియదని మాకూ బంద్ చేశారు. ఇంకో ఏడాది మిరపకాయ లేకుండా అంటే జనం నిజంగానే వణికారు.

"ఇంకెన్నాళ్లమ్మా, పండగ దగ్గర్లోనే ఉంది. కాస్త ఓపిక పట్టు," అన్నారు నలుగురూ. నీకు యంత్రం నడపడం రాక తమ్ముడి సమాధి మీద పడ్డావని కూడా ఒకడు అన్నాడు. వాడి పేరు రాయను, నోరు పాడవుతుంది.

అందరికంటే ఎక్కువ కాలిపోయింది అమ్మ మాటకు.

"ఏటే, తమ్ముడు రాజైతే నీకు కళ్లు కుట్టేత్తన్నాయా? పుట్టినకాడ్నించి ఆడికేటి దక్కింది? తలుపు తీత్తే ఆడి పేరు గోడమీంచి సెరిపేత్తారు. నాలుగునాళ్లు ఆగలేవేటి?"

"అమ్మా, ఆ సప్పుడు ఇనబడట్లేదా నీకు?"

"ఇనబడుతోంది. నా ఏడుపుకి ఆడు బదులు సెప్తన్నాడు," అంది.

నిజంగానే అలా నమ్ముతోంది. ఇంక నేనేం చెప్పను?

ఊరి మధ్య గదులకు గాలి కొంచెం కొంచెం బిగించి చివరకు తోశాను. గవరయ్య మావకు తలనొప్పి వచ్చిందట. ఇద్దరు మనుషులొచ్చి ఆ పిడులన్నీ మళ్లీ తిప్పేసి, ఇంకోసారి ముట్టుకుంటే గాలిగది తాళాలు తీసేసుకుంటామని చెప్పి పోయారు.

కోత కాలం, ఇవాళ

చప్పుడు ఆగిపోయింది.

పొద్దున గాలిగదిలో చెవి గొట్టానికి ఆనించి కూర్చున్నాను. ఏమీ లేదు. యంత్రం ఈల తప్ప ఏమీ లేదు. నాకు భయమేసింది.  సూసుకుంటాను, పోయి సావు అన్నది నేనే.

లేచి నేరుగా హబీబా టీచరు దగ్గరికి పోయాను. ఏ యుగంలో ఎలా బతకాలో చెప్పే చరిత్ర పాఠాలు ఆవిడవే. సాయం అడగడానికి కాదు, తిట్టడానికి పోయాను.

"ఈ రాజులూ, ఈ సమాధులూ అన్నీ మీరు నేర్పినవేనండీ," అన్నాను. "నా తమ్ముడు సచ్చిపోతన్నాడు. నిజం సావు."

టీచరు నా మొహం చూసి చేతిలో ఉన్న సుద్దముక్క కింద పెట్టేసింది.

"నేను నేర్పింది సగమే తీసుకుంటారమ్మా నూకరత్నం. పిరమిడ్లు కావాలి, కిరీటాలు కావాలి. మిగతా సగం చెబుతుంటే ఆవలిస్తారు. ఆ దేశంలో సమాధులు కట్టించుకున్న రాజులు కొందరే. వాటిని దోచుకున్న దొంగలు బోలెడంతమంది. వాళ్లను కోర్టులో నిలబెట్టి విచారించిన కాగితాలు కూడా ఈనాటికీ ఉన్నాయి. దొంగతనం అక్కడ..."

ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"దొంగతనం ఆ యుగం పద్ధతేనా టీచర్?"

"నిక్షేపంగా పద్ధతే," అని అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది.

దారిలో గాలిగది నుంచి గడ్డపార తీసుకున్నాను. సమాధి ముందు నైవేద్యం వేళ, జనం పోగై ఉన్నారు. అమ్మ శోకంలో ఉంది. ఇద్దరు కాపలావాళ్లు చెక్క ఈటెలు అడ్డంపెట్టారు.

"ఎవరు నువ్వు?" అన్నాడు వాళ్లలో ఒకడు, సింహాద్రి. చిన్నప్పటినుంచి నా పక్కగది వాడు.

"దొంగని. సమాధి దోచుకోవడానికొచ్చాను."

వాడు బిత్తరపోయి టీచరు వైపు చూశాడు. ఆవిడ పుస్తకం తెరిచి ఆ ముక్క గట్టిగా చదివింది. దొంగలుండేవారు, గోడలు తవ్వేవారు, సమాధులు తొలిచిన పనివాళ్లే చాలాసార్లు దొంగలయ్యేవారు అని. సింహాద్రి బుర్ర గోక్కున్నాడు.

"మరి కాపలావాళ్లు ఏం చేసేవారండీ?"

"లంచం తీసుకుని అటు తిరిగి నిలబడేవాళ్లు."

వాడు నిజంగానే చెయ్యి చాపాడు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ తిట్టే తీరిక లేదు. అమ్మ మంచం కింద దుప్పట్ల మడతలో ఒక జాడీ ఉందని నాకు తెలుసు. పోయినేటి పండుమిరప పచ్చడి. ఒక్క ఉరుకున పోయి తెచ్చి వాడి చేతిలో పెట్టాను. మూత తీసి వాసన చూడగానే ఇద్దరూ అటు తిరిగి నిలబడ్డారు, గోడలా.

గవరయ్య మావ వచ్చేసరికి మట్టి ముద్ర పగిలి కింద పడింది. గడియ లాగితే తలుపు కిర్రుమంది. లోపలి నుంచి పాత గాలి మొహానికి కొట్టింది, మూసిన ట్రంకుపెట్టె తెరిచినట్టు.

తమ్ముడు గొట్టం నోటి దగ్గర నేలమీద పడి ఉన్నాడు. పెదాలు నీలం. చేతిలో నా వాల్వు. గొట్టం మీద కొట్టింది దానితోనే. ఊరికి గాలి ఇవ్వాల్సిన వాల్వుతో గాలి కోసం మొర పెట్టుకున్నాడు. కొట్టీ కొట్టీ అంచు కాస్త సొట్టపోయింది.

చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చాను. సొరంగం గాలి తగిలి కాసేపటికి దగ్గాడు. కళ్లు తెరిచాడు. నన్ను చూసి ముందు అన్నమాట ఇది.

"నువ్వు నాతో మాట్లాడకూడదు కదక్కా."

నాకు ఏడుపూ కోపం కలిసి వచ్చాయి. "నోరుముయ్యి, దొంగలు ఎవరితోనైనా మాటాడతారు," అన్నాను.

"అమ్మ ఏడుపు ఇనబడ్డాది," అన్నాడు మెల్లగా, కళ్లు మూసుకుని. "నాను కొట్టినప్పుడల్లా ఇంకా గట్టిగా ఏడ్సింది. తెలిసిపోనాదనుకున్నాను. తలుపు తీత్తారనుకున్నాను."

అమ్మ మూడడుగుల దూరంలో ఉంది. అంతా వింది. చేతులు గుండె మీద అలాగే ఉండిపోయాయి, నోట్లోంచి ఒక్క రాగం రాలేదు.

మర్నాడు

ఒత్తిడి: కొత్త వాల్వు వేశాను. బాగుంది. చివర కూడా పుంజుకుంటోంది.

నన్ను విచారించారు. ఇప్పుడు గవరయ్య మావ న్యాయమూర్తి. హబీబా టీచరు నా తరఫున పుస్తకం పట్టుకు నిలబడింది. సమాధి దోపిడీ ఈ యుగం పద్ధతే కాబట్టి యుగం చెడలేదని తేల్చారు. అది వినగానే సభలో అందరూ ఎంత గట్టిగా ఊపిరి వదిలారంటే, ఆ గాలి పట్టి గొట్టంలోకి ఎక్కిస్తే చివరి గదికి సరిపోయేది.

నాకు శిక్ష: అరికాళ్ల మీద బెత్తం దెబ్బలు. టీచరు వాదిస్తే దాన్ని వీధి తుడవడానికి తగ్గించారు. అది ఎలాగూ నేనే చేస్తున్నాను.

అయితే తీర్పులో ఆఖరి ముక్క ఇది. దొంగలు పడ్డంత మాత్రాన చచ్చినవాడు బతకడు. కోత కాలం అయ్యేదాకా అప్పలకొండ శవమే. ఎవరూ చూడకూడదు, పలకరించకూడదు, వడ్డించకూడదు. ఎవరైనా ఒక్క మాట మాట్లాడితే యుగం చెల్లదు, మళ్లీ వరద నుంచి.

తమ్ముడు సభ వెనక గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. తల ఊపి, తూర్పు సొరంగం వైపు వెళ్లిపోయాడు. అక్కడ మాసిన బట్టలు గుట్టగా ఉన్నాయి కదా. వాడు పోతుంటే జనం తలలు తిప్పుకున్నారు. వాళ్లు పీలుస్తున్నది వాడి చేతిలోంచి తీసిన వాల్వు గాలి. ఛీ, నాకు ఈ ఊరి మీద ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

అమ్మ అడిగింది, "ఆడు ఇంకేటన్నాడే నీతో?" అని. "నువ్విన్నదే అన్నాడు," అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవడానికి పోలేదు, ఉద్యోగం మానేసింది.

అదే రోజు, రాత్రి భోజనాలయ్యాక

భోజనశాలకు తమ్ముడు వచ్చాడు. నేను వాడికి చాటుగా రొట్టె పట్టుకుపోదామని ముడిచి పెట్టుకున్నాను, అంతలో వాడే వచ్చాడు. ఆకలి వేసినవాడు ఏం చేస్తాడు మరి. కంచం పట్టుకుని వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చింది. వడ్డించేవాడు వాడి తల మీదుగా చూస్తూ వెనకవాడికి వడ్డించాడు. మళ్లీ వరస చివరకు పోయి నిలబడ్డాడు. మళ్లీ వంతు వచ్చింది. మళ్లీ అంతే. శాలంతా తలలు కంచాల్లో పెట్టుకుంది. నేను లేవబోయాను.

నాకంటే ముందు అమ్మ లేచింది. తన కంచం తీసుకుని నడిచి, వాడి ముందు ఆగింది.

"ఆ సేతులేట్రా అలాగున్నాయి? సబ్బు నురగ కూడా కడుక్కోలేదు," అంది, అందరికీ వినబడేలా. "సచ్చినోడివైనా సరే, సేతులు కడుక్కుని కూకో. రొట్టె సల్లారిపోతాంది."

 తమ్ముడు కదల్లేదు, కళ్లనిండా నీళ్లు.

గవరయ్య మావ మెల్లగా లేచాడు. మొహం పాలిపోయింది. ఆయన కళ్లముందు ఇంకో ఏడాది కనబడుతోందని నాకు తెలుసు. అందరి కళ్లముందూ కనబడుతోంది. ఆయన శాలంతా ఒకసారి కలియజూశాడు.

"ఎవరికైనా ఏమైనా వినబడిందా?" అన్నాడు.

 అంతలో సింహాద్రి గొంతు సవరించుకుని, "నాకైతే ఏమీ వినబళ్లేదు మావా," అని లేచి, చుట్టుకున్న దుప్పటి మడతలోంచి పచ్చడి జాడీ తీసి అమ్మ కంచంలో ఉన్న రొట్టె మీద ఒక చెంచా వేశాడు. "ఎవరికీ వెయ్యట్లేదు నేను," అన్నాడు గాలితో.

వడ్డించేవాడు గరిటెడు పప్పు తెచ్చి వేసి, నేనేమీ చూడలేదన్నాడు. ఒకావిడ నీళ్ల గ్లాసు పెట్టింది. నా యంత్రం పని నాకు రాదన్నవాడు కుర్చీ లాగి వేశాడు. వెనకనుంచి ఎవరో ముసలాయన, "మొన్న నా చొక్కా జేబులు కాళీ చేసే ఏశాన్రా అబ్బాయ్," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు గోడకేసి చూస్తూ. ఇన్నేళ్లుగా లేనివి ఉన్నట్టు నటించడం నేర్చుకున్న ఊరు మాది. విన్నవి విననట్టు నటించడం ఎంతసేపు?

తమ్ముడు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అమ్మ పక్కన కూర్చుని, వాడు తింటున్నంతసేపూ తిడుతూనే ఉంది. పచ్చడి కొంచెం మిగిలితే గవరయ్య మావ కంచం చాపాడు.

నేనూ ఏమీ వినలేదు. ఈ పేజీ కూడా నేను రాయలేదు.

ఒత్తిడి: బాగుంది. చివరి గదిలో కూడా.

నూకరత్నం, గాలిగది